గుర్రపుడెక్క మాటున కొరమీను: పంట కుంటకు పనికొచ్చే ‘పిచింగ్’ గాలం



పంట కుంటలో చేపలు వేసుకున్న వాళ్లలో చాలామందికి ఒకటే బాధ. వానలు పడ్డాక వేలు పొడవు పిల్లల్ని వదులుతాం. బొచ్చె, శీలావతి, మోసు, కొన్ని గడ్డిచేపలు. పేడ నీళ్లు పోస్తాం, తవుడు చల్లుతాం, నీళ్లు పచ్చగా తిరిగితే సంతోషపడతాం. తీరా సంక్రాంతి దాటాక వల లాగితే లెక్క కుదరదు. వదిలినదెంత, వచ్చిందెంత? కొంగలు తిన్నాయంటాం, నీటికాకులు తిన్నాయంటాం. అవి కూడా తింటాయి, కాదనను. కానీ ఎక్కువ తినేది చాలా కుంటల్లో నీళ్లలోనే ఉంటుంది. గుర్రపుడెక్క కింద, జమ్ము మొదళ్లలో, కదలకుండా పడుకుని ఉంటుంది. అదే కొరమీను.

దాన్ని మందు పెట్టకుండా, కుంట ఎండగట్టకుండా, మిగతా చేపల్ని కదిలించకుండా ఒక్కొక్కటిగా ఎలా తీసుకోవాలో ఈ వ్యాసంలో చెప్తాను. పద్ధతి పేరు పిచింగ్. అమెరికాలో బాస్ అనే చేప కోసం పుట్టిన విద్య ఇది. పైనున్న వీడియోలో చేతి కదలిక మొత్తం నెమ్మదిగా చూపించాను. ముందు ఇది చదివి తర్వాత వీడియో చూస్తే బాగా అర్థమవుతుంది.

కొరమీను కుంటలోకి ఎలా వస్తుంది

మనం వేయకపోయినా వస్తుంది. కొరమీనుకు మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది. అందుకే అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగి పోతుంది. ఒళ్లు తడిగా ఉంటే నీళ్ల బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. వానాకాలంలో తడి గడ్డి మీదుగా, పొలం గట్ల మీదుగా పాకి ఒక మడి నుంచి ఇంకో మడికి పోవడం మన ఊళ్లలో పెద్దవాళ్లంతా చూసిందే. వరి చేలో నుంచి కుంటలోకి నీళ్లు వచ్చే చోట జాలీ లేకపోతే చిన్న పిల్లలుగానూ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొరమీను మనకు శత్రువు కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అది. బజార్లో బొచ్చె ధరకు రెండింతల పైనే పలుకుతుంది, పైగా బతికున్న చేపగా అమ్ముకోవచ్చు. పెద్ద చేపలున్న కుంటలో ఉంటే పెద్ద నష్టమేమీ లేదు. చెత్త చేపల్ని, జిలేబీ పిల్లల్ని తిని కొంత మేలు కూడా చేస్తుంది. ఇబ్బందల్లా మన పిల్లలు వేలు పొడవున్న ఆ మొదటి రెండు మూడు నెలలే. ఆ టైములో పెద్ద కొరమీనుల్ని కుంటలోంచి తీసేస్తే మన పెట్టుబడి మిగులుతుంది. తీసినవి అమ్మితే డబ్బూ వస్తుంది.

మందు ఎందుకు వద్దు, వల ఎందుకు చాలదు

చేపల పెంపకం పుస్తకాల్లో చెప్పేది, పిల్లల్ని వదిలే ముందు కుంటకు ఇప్ప పిండి వేయమని. హెక్టారుకు రెండున్నర టన్నుల లెక్కన చెప్తారు. అందులోని సపోనిన్ చేపల్ని చంపుతుంది, తర్వాత అదే ఎరువుగా మారుతుంది. ఖాళీ కుంటను సిద్ధం చేసుకునేటప్పుడు అది ఒక దారి. కానీ పిల్లల్ని వదిలేశాక? అప్పుడు ఇప్ప పిండి వేస్తే కొరమీనుతో పాటు మన బొచ్చెలూ పోతాయి. పైగా మనం ఆ నీళ్లనే జీవామృతానికి తోడుకుంటాం, బాతులు ఈదేది అందులోనే, ఆవులు తాగేదీ అవే నీళ్లు. రసాయన మందుల సంగతి అసలు చెప్పనక్కర్లేదు.

అమెరికాలో దీనికి ఒక కథ ఉంది. 2002లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఒక చిన్న కుంటలో మన కొరమీను జాతికే చెందిన తూర్పు ఆసియా చేప దొరికింది. వాళ్ల నేలకు అది పరాయి చేప. అది మిగతా నీళ్లలోకి పాకకుండా అధికారులు కుంటలో రోటెనోన్ మందు పోసి ఉన్న చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. ఇంత చేసినా 2004లో అదే జాతి దగ్గర్లోని పొటోమాక్ నదిలో కనిపించి అక్కడ స్థిరపడిపోయింది. ఇప్పుడు అక్కడి వాళ్లు బాస్ పట్టే గాలాలతోనే దాన్ని పడుతున్నారు. మన కొరమీను మనింటి చేప కాబట్టి అంత గొడవ మనకు లేదు. కానీ మందుతో ఒక చేపను తీయాలంటే కుంటనంతా చంపాలన్న లెక్క ఎక్కడైనా ఒకటే.

ఇక వల. వల శుభ్రంగా ఉన్న నీళ్లలో లాగితే పని చేస్తుంది. గుర్రపుడెక్క, తామర, జమ్ము ఉన్న చోట వల చిక్కుకుంటుంది. లేదంటే కొరమీను అడుగు బురదలోకి తల దూర్చేస్తుంది, వల దాని మీదుగా పోతుంది. పిల్లలున్న కుంటలో వల లాగితే ఆ ఒత్తిడికి, గీరుకుపోయిన పొలుసులకు కొన్ని పిల్లలు చచ్చిపోతాయి కూడా. అందుకే గాలం.

పిచింగ్ ఎక్కడిది

బాస్ అనేది ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెద్ద నోరు, పొట్టి పరుగు. తరుముకుంటూ పోయి పట్టే రకం కాదు. పడిపోయిన చెట్టు మోడు పక్కనో, తుంగ మొదట్లోనో, తామరాకుల నీడలోనో మాటు వేసుకుని కూర్చుంటుంది. దగ్గరికొచ్చినదాన్ని ఒక్క ఉదుటున మింగుతుంది. మన కొరమీను అలవాటు కూడా ఇంచుమించు అదే. అందుకే అక్కడి విద్య ఇక్కడ పనికొస్తుంది.

కాలిఫోర్నియాలో టూలీ అనే జమ్ము లాంటి గడ్డి చెరువుల అంచుల్లో దట్టంగా పెరుగుతుంది. అక్కడి జాలర్లు పన్నెండడుగులు, అంతకంటే పొడవు కర్రలకు కురచ దారం కట్టి గడ్డి మధ్య సందుల్లోకి ఎరను నిలువుగా దించేవాళ్లు. మన ఊళ్లలో పొడవాటి వెదురు కర్రకు కప్పను కట్టి తామరాకుల సందుల్లో టపటపా ఆడించే పద్ధతి ఉంది చూడండి, దాదాపు అదే. డీ థామస్ అనే జాలరి 1975లో అర్కాన్సాలోని బుల్ షోల్స్ జలాశయంలో జరిగిన పోటీలో ఈ తరహా పద్ధతితో గెలిచాడు. ఆ తర్వాత పోటీల్లో కర్ర పొడవుకు పరిమితి పెట్టారు. దాంతో ఏడున్నర అడుగుల గట్టి రాడ్‌తో అదే పని చేసే ‘ఫ్లిప్పింగ్’ స్థిరపడింది. ఫ్లిప్పింగ్‌లో దారాన్ని ఎడమ చేత్తో లాగి పట్టుకుని, ఉన్న పొడవు మేరకే ఎరను ఊపి వేస్తారు. చాలా దగ్గరికే పనికొస్తుంది.

ఇంకొంచెం దూరం నుంచి, చేపకు మన ఉనికి తెలియకుండా వేయడానికి వచ్చిందే పిచింగ్. ఇందులో రీలు వదులుగా తిరుగుతుంది కాబట్టి పదిహేను, ఇరవై, ముప్పై అడుగుల దాకా వేయొచ్చు. 1998లో నార్త్ కరోలినాలోని హై రాక్ సరస్సులో జరిగిన బాస్‌మాస్టర్ క్లాసిక్ గెలిచిన డెన్నీ బ్రావర్ ఈ ఫ్లిప్పింగ్, పిచింగ్ పద్ధతులకే పేరు పడ్డ మనిషి.

ఇంతమంది ఇన్నేళ్లు ఎందుకు సాధన చేశారంటే కారణం చిన్నది. మాటులో ఉన్న చేప మాటు వదిలి రాదు. ఎరనే దాని ఇంటి గుమ్మం దగ్గరికి పంపాలి. అది కూడా చప్పుడు లేకుండా.

మనకు ఇంకో లాభం కూడా ఉంది. మనలో చాలామంది కుంట గట్టు మీద అరటి, మునగ, బొప్పాయి, గడ్డి జాతులు అన్నీ పెట్టుకుని ఉంటాం. మామూలుగా గాలాన్ని తల మీదుగా వెనక్కి తిప్పి విసిరితే అది మునగ కొమ్మకు తగులుకుంటుంది. పిచింగ్‌లో వెనక్కి తిప్పే పనే లేదు. నడుము కింద నుంచి ముందుకు పోతుంది.

సామాను

ఖరీదైనవి కొనక్కర్లేదు. కింద చెప్పినవి ఉంటే చాలు.

రాడ్: ఏడు నుంచి ఏడున్నర అడుగులు, గట్టిది, చివర మాత్రమే వంగేది. మెత్తటి రాడ్‌తో కలుపులో ఉన్న చేపను బయటికి లాగలేం.

రీలు: బెయిట్‌కాస్టింగ్ రీలు ఉంటే మంచిది. అంటే రాడ్ పైన కూర్చునేది, బొటనవేలితో స్పూల్‌ని ఆపుకునేది. మన దగ్గర ఎక్కువమందికి ఉండేది కింద వేలాడే స్పిన్నింగ్ రీలు. దాంతో కూడా నేర్చుకోవచ్చు, తేడా ఎక్కడో కింద చెప్తాను.

దారం: అల్లిన దారం, బ్రెయిడ్ అని అడగండి. కలుపు ఎక్కువుంటే 50 నుంచి 65 పౌండ్ల రకం. చేప బరువుకు అంత అవసరం లేదు. చేపతో పాటు వచ్చే రెండు కిలోల గుర్రపుడెక్క కోసం అది. బ్రెయిడ్ కాండాన్ని కోసుకుంటూ వస్తుంది, నైలాన్ సాగిపోతుంది.

ఎర: కలుపు పైన ఆడించడానికి బోలు రబ్బరు కప్ప. దాని కొక్కేలు ఒంటికి అంటుకుని పైకి ఉంటాయి కాబట్టి ఆకులకు తగులుకోవు. లోతు సందుల్లోకి దించడానికి మెత్తటి రబ్బరు పురుగు. దీని కొక్కెం మొనను రబ్బరులోనే దాచి, ముందు 10 నుంచి 14 గ్రాముల బరువు పెట్టాలి.

బతికున్న కప్పను ఎరగా పెట్టడం మన పాత అలవాటు. దాన్ని మానేద్దాం. వరి చేలో పురుగుల్ని తినే కూలీ లేని కూలీ కప్ప. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపేసింది. మందు కొట్టని మనలాంటి వాళ్లకు కప్ప విలువ ఇంకా ఎక్కువ తెలియాలి. రబ్బరు కప్పకు కొరమీను అంతే గట్టిగా వస్తుంది.

బరువు కోసం సీసం గుళ్లు వాడొద్దు. తెగి కుంట అడుగున పడితే బాతులు బురద గాలిస్తూ వాటిని మింగుతాయి. సీసం విషం. టంగ్‌స్టన్ దొరికితే సరే, లేదంటే చిన్న ఇనుప నట్టు చాలు.

నేర్చుకునేది వాకిట్లో, కుంట దగ్గర కాదు

కుంట దగ్గర నేర్చుకుందామంటే ధ్యాసంతా చేప మీద ఉంటుంది, చెయ్యి మీద ఉండదు. అందుకే ముందు వాకిట్లో పది రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. కొక్కెం తీసేసి బరువు మాత్రమే కట్టుకోండి. పిల్లల్ని, కోళ్లని కొంచెం పక్కకు తోలండి.

ముందు రీలు సరిచేసుకోవాలి. రాడ్‌ను అడ్డంగా పట్టుకుని మీట నొక్కితే బరువు మెల్లగా కిందకి దిగాలి. నేలకు తగలగానే స్పూల్ దాదాపు ఆగిపోవాలి. పక్కనున్న చిన్న మరను తిప్పి ఆ వేగం తెచ్చుకోండి. చెయ్యి కుదిరే కొద్దీ ఇంకొంచెం వదులు చేసుకోవచ్చు.

ఇక కదలిక. కుడి చేతి వాటం వాళ్లకు చెప్తున్నాను, ఎడమ చేతి వాళ్లు తిరగేసుకోండి.

ఒకటి. రాడ్ నిటారుగా పట్టుకుంటే ఎర రీలు పక్కకు వచ్చేంత దారం వదలండి. ఇదే కొలత ప్రతిసారీ. కొలత మారితే ఊపు మారుతుంది.

రెండు. ఎడమ చేత్తో ఎరను నడుము దగ్గర పట్టుకోండి. కొక్కెం ఉన్నప్పుడు మొన ఎప్పుడూ వేళ్లకు అవతలి వైపుకే ఉండాలి.

మూడు. రాడ్ కొనను కిందికి దించి గురి వైపు చూపించండి. బొటనవేలు స్పూల్ మీద ఉంచి మీట నొక్కండి. వేలు మాత్రం తీయొద్దు.

నాలుగు. మణికట్టుతో రాడ్ కొనను మెల్లగా పైకి లేపండి. కొన లేస్తుండగానే ఎడమ చేతిలోని ఎరను వదిలేయండి. విసరొద్దు, వదిలేయాలి, అంతే. ఎర ఉయ్యాల లాగా కిందుగా ఊగుతూ ముందుకు పోతుంది.

ఐదు. ఎర రాడ్ కొన కింద దాటి గురి వైపు తిరిగే క్షణంలో బొటనవేలు తేలిక చేయండి. ఎర నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులోనే తిన్నగా పోవాలి.

ఆరు. గురి చేరే ముందు బొటనవేలితో మళ్లీ మెల్లగా అదిమి ఆపండి. ఎర పడకూడదు, దిగాలి.

ఎర పైకి ఎగిరిపోతుంటే బొటనవేలు ఆలస్యంగా వదులుతున్నారని అర్థం. మీ ముందే దబ్బున పడుతుంటే తొందరగా వదులుతున్నారు. దారం చిక్కు పడుతుంటే చివర్లో వేలు ఆపడం లేదు, లేదా మర మరీ వదులైంది. పక్కకు పోతుంటే రాడ్ కొన తిన్నగా లేవడం లేదు. ఈ నాలుగు చూసుకుంటే మీ తప్పు మీకే తెలుస్తుంది, పక్కన గురువు అక్కర్లేదు.

స్పిన్నింగ్ రీలు వాళ్లు బొటనవేలి బదులు చూపుడు వేలు వాడాలి. తీగ తెరిచి, దారాన్ని చూపుడు వేలికి ఆన్చి, ఎర గురి వైపు ఊగినప్పుడు వేలు వదలాలి. ఆపడానికి ఎడమ అరచేతిని స్పూల్ మీద మూత లాగా పెట్టాలి.

గురికి ముందు పెద్ద పళ్లెం. పది అడుగుల దూరం. పదిసార్లలో ఏడుసార్లు పడితే పదిహేను అడుగులు. ఆ తర్వాత ఇరవై. అప్పుడు పళ్లెం తీసి బేసిన్ పెట్టి నీళ్లు పోయండి. ఇప్పటిదాకా కంటితో చూశారు, ఇప్పుడు చెవితో వినాలి. ‘టప్’ మంటే ఇంకా కుదరలేదు. రాలిన ఆకు పడ్డంత చప్పుడుతో దిగితే కుంట దగ్గరికి పోవచ్చు. చివరగా అరటి చెట్టు పక్కన, మంచం కింద, రెండు ఇటుకల మధ్య సందులో వేసి చూడండి. కుంటలో ఉండేవి అలాంటి సందులే.

కుంట దగ్గర

మా ఏలూరు జిల్లా మెట్టలో చేపలు పట్టే పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. గట్టు మీద నేను నడుస్తుంటే ఆయన అన్న మాట: “ఏరా అబ్బాయ్, నువ్వు గట్టు మీద అడుగేస్తే కొరమీనుకు అది వాళ్లింట్లో అడుగేసినట్టే.” నేల అదురు నీళ్లలోకి తెలుస్తుంది. అందుకే గట్టు అంచుకు పోవద్దు. నాలుగైదడుగులు వెనకే ఆగండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు. పిచింగ్ నేర్చుకున్నదే ఇలా దూరంగా నిలబడటానికి.

పొద్దున, సాయంత్రం మంచివి. ఎండ ఎక్కాక నీడ ఉన్న పక్కనే వెతకాలి. ముందు కలుపు అంచులు. తర్వాత కలుపులో చేయి పట్టేంత ఖాళీలు. ఆ తర్వాత రెండు రకాల కలుపు కలిసే చోటు, అంటే జమ్ము అయిపోయి గుర్రపుడెక్క మొదలయ్యే హద్దు. నీళ్లు వచ్చే తూము పక్కన. పడిపోయిన కొమ్మ. దగ్గరి గురి ముందు, దూరపు గురి తర్వాత. లేదంటే దూరంగా వేసిన దారం దగ్గరి చేపను బెదరగొడుతుంది.

అయిదు పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. కొరమీను గాలి మింగడానికి వచ్చినప్పుడు చిన్న సుడి, బుడగ కనిపిస్తాయి. సరిగ్గా దాని నెత్తిన వేయొద్దు. రెండు మూడడుగులు అవతల దించి, మెల్లగా ఆ దారిలోకి తీసుకురండి.

ఇక్కడ బాస్‌కీ కొరమీనుకీ తేడా ఉంది. బాస్ ఎక్కువగా ఎర కిందికి దిగుతున్నప్పుడే అందుకుంటుంది. అందుకే అక్కడి వాళ్లు బరువు కట్టి దించుతారు, ఎర పడగానే దారాన్ని వదులుగా ఉంచుతారు. దారం బిగుతుగా ఉంటే ఎర నిలువుగా దిగకుండా మన వైపుకు ఊగి మాటు బయటికి వచ్చేస్తుంది. దారం పక్కకు జరిగినా, ఉన్నట్టుండి ఆగినా చేప నోట్లో ఉన్నట్టే. ఇది మనం లోతు సందుల్లో వాడుకోవాలి. మామూలుగా కలుపున్న కుంటలో కొరమీను నీటి పైభాగాన్నే చూస్తూ ఉంటుంది. కాబట్టి రబ్బరు కప్పను ఖాళీలో దించి, అలలు ఆగేదాకా కదపకండి. తర్వాత రాడ్ కొనతో చిన్నగా రెండు తట్లు. ఆపండి. మళ్లీ రెండు తట్లు. అప్పటికీ రాకపోతే తీసి పక్క సందులో వేయండి. ఒకే చోట గంట కూర్చునే బెండు గాలం లాంటిది కాదిది. చోట్లు మారుస్తూ పోవాలి.

కొరికినప్పుడు నీళ్లు పగిలినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు చెయ్యి దానంతటదే లేస్తుంది, లేపకండి. కప్పను పూర్తిగా నోట్లోకి తీసుకునేదాకా ‘ఒకటి, రెండు’ అనుకోండి. రాడ్ దించి, వదులు దారం చుట్టి, అప్పుడు గట్టిగా పైకి లాగండి. బరువు కట్టిన ఎర అయితే అంత ఆగక్కర్లేదు. తగిలాక ఒకటే పని, తల పైకి తేవడం. తల కిందికి పోతే కాండాలకు చుట్టుకుంటుంది.

పట్టాక

కొక్కెం మీది వెనక్కి తిరిగిన చిన్న ముల్లును పట్టకారతో ముందే నొక్కేయండి. కొక్కెం సులువుగా వస్తుంది, చేప నోరు చీలదు. మనం అమ్మేది బతికున్న చేపను, గాయం ఉంటే ధర తగ్గుతుంది. డ్రమ్ములో ఒళ్లు తడిసేన్ని నీళ్లు చాలు, పైన గాలి ఉండాలి, గాలాడే మూత తప్పనిసరి. మూత లేకపోతే తెల్లారేసరికి డ్రమ్ము ఖాళీ.

తెగిన దారం ముక్కల్ని గట్టు మీద వదలొద్దు. బాతు కాలికి, దూడ గిట్టకు చుట్టుకుంటే తీయడం కష్టం. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో అడుగుకు తగిలే ఎర అసలు వేయొద్దు, పైన ఆడే కప్ప ఒక్కటే. షీటుకు ఒక చిల్లు పడితే అది కొరమీను తినేదానికంటే పెద్ద నష్టం. కళ్లద్దాలు, టోపీ పెట్టుకోండి. జమ్ములో పాములుంటాయి, బూట్లు లేకుండా దిగొద్దు. ఒంటరిగా లోతు వైపుకు పోవద్దు.

ఒక్క చూపు గురించి చెప్పాలి. వానాకాలంలో నీటి పైన ఎర్రగా, గుప్పెడు పసుపు కుంకుమ కలిపి చల్లినట్టు, గుంపుగా కదులుతూ ఏదైనా కనిపిస్తే అవి కొరమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ టైములో వాటికి ఆకలితో పని లేదు, పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి. పట్టడం చాలా తేలిక. అందుకే చెరువుల్లో, వాగుల్లో, ఊరి కుంటల్లో అలాంటి జంట మీద గాలం వేయొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకి పోతాయి. మన సొంత కుంటలో అయితే పిల్లల గుంపును మెత్తటి గుడ్డ వలతో ఎత్తి వేరే తొట్టిలోనో, చిన్న గుంటలోనో వేసుకుని పెంచుకోవచ్చు. పెద్దవాటిని ఆ తర్వాత తీయండి.

ఇదంతా మీ సొంత కుంట కోసం చెప్పింది. ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది. వాళ్ల బతుకు అది. అడగకుండా అక్కడ గాలం వేయకండి. అలాగే ఎవరైనా సరదాకి బాస్ పిల్లల్ని తెచ్చి మన నీళ్లలో వేద్దామంటే ఒప్పుకోవద్దు. మన కొరమీను చుట్టం అమెరికాలో చేసిన పని ఇందాక చదివారు కదా. విద్య తెచ్చుకుందాం, చేపను వద్దు.

దీనితో ఏమవుతుంది, ఏం కాదు

పిచింగ్‌తో కుంటలోని కొరమీనులన్నీ పోవు. కొన్ని రోజులు ఒకటో రెండో దొరుకుతాయి, కొన్ని రోజులు ఉత్త చేతులే. అసలు కాపుదల వేరే ఉంది. నీళ్లు వచ్చే తూముకు సన్నటి జాలీ కట్టాలి. గట్టు చుట్టూ అడుగున్నర ఎత్తు వల కంచె పెడితే పాకి వచ్చేవి ఆగుతాయి. చేప పిల్లల్ని ఇంకొంచెం పెద్దగా పెంచి వదిలితే నోటికి అందేవి తగ్గుతాయి. కలుపును మొత్తం పీకేయకుండా కుంటలో నాలుగో వంతుకు కుదిస్తే కొరమీను ఎక్కడ ఉంటుందో మనకు ముందే తెలిసిపోతుంది. తీసిన గుర్రపుడెక్క ఎలాగూ మల్చింగ్‌కు, కంపోస్టుకు పనికొస్తుంది. ఇవన్నీ చేశాక మిగిలిన పెద్దవాటి కోసమే గాలం.

ప్రకృతి వ్యవసాయంలో పురుగు కనిపించగానే మందు డబ్బా వెతకం. అది ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు వస్తుంది, దేన్ని తింటుంది అని చూస్తాం. కుంటలో కూడా అదే చూపు కావాలి. పిచింగ్ నేర్చుకుంటే చేయి ఒక్కటే కుదరదు. నీడ ఎటు పడుతోంది, గాలి ఎటు తోస్తోంది, బుడగ ఎక్కడ లేచింది అని కుంటను రోజూ చూడటం అలవాటవుతుంది. నీళ్ల రంగు మారినా, పొద్దున్నే చేపలు పైకి తేలి గాలికి నోళ్లు తెరిచినా ముందుగా కనిపెట్టేది ఆ అలవాటున్న మనిషే. మా కుంటలో ఆక్సిజన్ తగ్గిందని రెండుసార్లు తెలిసింది తెల్లవారుజామున గాలం పట్టుకుని నిలబడ్డప్పుడే.

వచ్చే వానల్లో చేప పిల్లలు వేసే వాళ్లు ఇప్పుడే వాకిట్లో పళ్లెం పెట్టి మొదలుపెట్టండి. అప్పటికి చెయ్యి కుదురుతుంది.